కచేరీల్లో పక్కవాద్యం: సంగీతోత్సవాల వేళ తరచుగా అడిగే ప్రశ్నలు

ధనుర్మాసంలో చెన్నై సభలు, పుష్య బహుళ పంచమికి తిరువయ్యారు, ఆ చుట్టుపక్కల రోజుల్లోనే మన ఊళ్లలో త్యాగరాజ ఆరాధనలు. ప్రతి కరపత్రం మీదా గాయకుడి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, కింద చిన్నక్షరాల్లో మరో ముగ్గురి పేర్లు. ఆ ముగ్గురి పని గురించి సభల నిర్వాహకులు, కొత్తగా కచేరీలు వినేవాళ్లు, వాయించడం మొదలుపెట్టిన పిల్లలు మళ్లీ మళ్లీ అడిగేవి ఇక్కడ ఉన్నాయి.

పక్కవాద్యం అంటే ఎవరెవరు? ఎంతమంది ఉంటే కచేరీ నిండుగా ఉన్నట్టు?

వయొలిన్, మృదంగం తప్పనిసరి. ఘటం (మట్టి కుండ), కంజీర (చేత్తో పట్టుకుని వాయించే చిన్న తోలు వాద్యం), మోర్సింగ్ (నోటి దగ్గర పెట్టుకుని మీటే ఇనుప వాద్యం) ఉపపక్కవాద్యాలు. వీటిలో ఒకటుంటే నిండుదనం వస్తుంది, లేకపోయినా లోటేమీ ఉండదు. వెనక తంబూరా. అంటే గాయకుడితో కలిపి ఐదుగురు. డబ్బు సరిపోకపోతే ఘటం మానుకోండి గానీ, అదే డబ్బులో ముగ్గురిని సర్దాలని అనుభవం లేని మార్దంగికుణ్ణి (మృదంగం వాయించే మనిషిని) పిలవకండి. కచేరీ నడక మొత్తం ఆయన చేతిలోనే ఉంటుంది.

వయొలిన్ మనది కాదు కదా అని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ (1786–1858), తంజావూరు సోదరుల్లో చిన్నవాడైన వడివేలు దాన్ని మన కర్ణాటక సంగీతంలోకి తెచ్చి రెండు వందల ఏళ్లవుతోంది. నేల మీద కూర్చుని, కాడ చివరను కుడి పాదం మీద ఆనించి, స-ప-స-ప అని తీగలు కట్టుకుని వాయించే పద్ధతి పూర్తిగా ఇక్కడ పుట్టినదే. చేయి తీగ మీద జారడానికి ఎంత స్వేచ్ఛ కావాలో అంతా ఆ కూర్చోవడంలో ఉంది. తెలుగునాట ఈ వాద్యానికి పెద్దదిక్కు ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964). విజయనగరం సంగీత కళాశాలలో 1919లో వయొలిన్ ఆచార్యుడిగా చేరి, 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు.

వేదిక మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలి?

గాయకుడు మధ్యలో. ఆయన కుడిచేతి వైపు మృదంగం, ఎడమచేతి వైపు వయొలిన్. శ్రోతలకు మృదంగం ఎడమన, వయొలిన్ కుడిన కనబడతాయి. మృదంగం కుడి మూత, అంటే శ్రుతి పలికే మూత, అలా కూర్చుంటేనే సభ వైపు తిరుగుతుంది. ఘటమో కంజీరో మార్దంగికుడికి పక్కన, కొంచెం వెనక్కి. తంబూరా గాయకుడి వెనక.

మార్దంగికుడు ఎడమచేతి వాటమైతే ఈ అమరిక మొత్తం తిరగబడుతుంది. ఆయన ఎడమవైపుకు, వయొలిన్ కుడివైపుకు మారాలి. పళని సుబ్రహ్మణ్య పిళ్లై (1908–1962) ఎడమచేతి వాటం. ఆయన కాలంలో ఈ మార్పు కొందరు వయొలినిస్టులకు ఇబ్బందిగానే ఉండేది. మైకులు బిగించాక చివరి నిమిషంలో తెలిస్తే తీగలన్నీ పీకి మళ్లీ వేయాలి. కాబట్టి పిలిచేటప్పుడే అడగండి.

వేదిక ఎత్తు గురించి పెద్ద పట్టింపు లేదు. జంపఖానా మాత్రం జారకూడదు. మృదంగం వాయించేవాళ్లకు కుడికాలి కింద చిన్న మడత పెట్టుకునే అలవాటుంటుంది, అందుకు ఒక తువ్వాలు ఉంచండి. పైన ఫ్యాన్ గాలి నేరుగా వాద్యం మీద పడకుండా చూడండి. ఎందుకో కింద చెబుతాం.

గాయకుడి శ్రుతి ముందే ఎందుకు చెప్పాలి?

శ్రుతి, అంటే పాటకు ఆధారమైన 'స' ఏ స్థాయిలో ఉందో, తెలియకుండా వాద్యాలు ఇంట్లోంచి కదలవు కాబట్టి. మగవాళ్లు ఎక్కువగా ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య పాడతారు, ఆడవాళ్లు నాలుగున్నర నుంచి ఆరు మధ్య. పాశ్చాత్య స్వరాల్లో చెప్పాలంటే ఒకటి 'సి', రెండు 'డి', ఐదున్నర 'జి షార్ప్'.

ఒకే మృదంగాన్ని అన్ని శ్రుతులకూ లాగలేం. ఉన్న శ్రుతి నుంచి ఒక అర శ్రుతి అటూ ఇటూ కదులుతుంది. అంతకు మించి లాగితే మూత నాదం చచ్చిపోతుంది, లేదా మూతను బిగించే తోలు పట్టీ (వారు) తెగుతుంది. అందుకే తగ్గు శ్రుతికి 24 అంగుళాల పొడుగు మృదంగం, హెచ్చు శ్రుతికి 22 అంగుళాలది వేర్వేరుగా ఉంటాయి. "శ్రుతి తర్వాత చెబుతాం, మీరు వచ్చేయండి" అంటే ఆయన రెండు మృదంగాలు మోసుకు రావాలి. బస్సులో వచ్చే మనిషికి అది చిన్న విషయం కాదు.

వయొలిన్‌కు తీగల బిగువు సమస్య. ఒకటి శ్రుతికి సరిపోయే తీగలు ఐదున్నరకు లాగితే తెగుతాయి, ఐదున్నరకు కట్టినవి ఒకటికి దించితే వదులై గరగరమంటాయి. ఉత్సవాల రోజుల్లో అందుకే రెండు వయొలిన్లు తిప్పుతుంటారు.

మృదంగాన్ని శ్రుతి చేయడానికి అంతసేపు ఎందుకు?

పనస చెక్కలో తొలిచిన పీపాకు రెండు వైపులా తోలు మూతలు. కుడి మూత మూడు పొరలు: లోపల, పైన ఆవు తోలు వలయాలు, మధ్యలో మేక తోలు. దాని మధ్యన కరణి అనే నల్లటి పూత. మూత అంచు చుట్టూ తోలుతో అల్లిన జడ, దాన్ని ఎడమ మూతతో కలుపుతూ వార్లు. జడలో పదహారు రంధ్రాలుంటాయి, అంటే శ్రుతి చూసుకోవాల్సిన చోట్లు కూడా పదహారే.

ఒక రాయి, ఒక చిన్న చెక్క పుల్ల. జడ మీద పైనుంచి కిందికి కొడితే మూత బిగిసి శ్రుతి పెరుగుతుంది. కింది నుంచి పైకి కొడితే తగ్గుతుంది. పదహారు చోట్లా ఒకే స్వరం పలకాలి. ఒక్క చోట తక్కువైతే 'నం' అనే దెబ్బ కొట్టినప్పుడు వెనకాల ఇంకో స్వరం సన్నగా ఏడుస్తుంటుంది. అది వినబడిన చోట కాకుండా దానికి ఎదురుగా ఉన్న చోట కొట్టడం కొత్తవాళ్లు తరచుగా చేసే పొరపాటు. ముందు వేలితో అంచంతా తట్టుకుంటూ తక్కువున్న చోటేదో తేల్చుకున్నాకే రాయి ఎత్తాలి. ఇప్పుడు వార్లకు బదులు ఇనుప నట్లు బిగించిన మృదంగాలొచ్చాయి. శ్రుతి తొందరగా కుదురుతుంది, బరువు ఎక్కువ.

ఎడమ మూతకు బొంబాయి రవ్వ. రెండు చెంచాల రవ్వను నీళ్లతో తడిపి, వేలికి అంటుకుని సాగేంత ముద్ద చేసి, మూత మధ్యలో మూడంగుళాల వెడల్పున అద్దుతారు. పల్చగా అయితే వాయిస్తుండగా జారి పక్కనున్నవాళ్ల పంచె మీద పడుతుంది. గట్టిగా అయితే అరగంటలో ఎండి, 'గుంకి' అనే ఎడమ మూత జారుడు నాదం పలకదు. మధ్యలో వేలు నీళ్లలో ముంచి తడుపుకుంటూ ఉండాలి, అందుకే మార్దంగికుడి పక్కన చిన్న గిన్నెలో నీళ్లు పెట్టమని అడుగుతారు. కచేరీ అవగానే రవ్వ మొత్తం గీకి, తడిగుడ్డతో తుడవాలి. రాత్రంతా వదిలేస్తే ఎండిన రవ్వ తోలును లాగి పగలగొడుతుంది, ఎలుకలు కూడా వస్తాయి.

తయారీ గదిలో సరిగ్గా ఉన్న శ్రుతి వేదిక మీదికి రాగానే ఎందుకు మారుతుంది?

తోలు తేమను పీల్చుకుంటే సాగుతుంది, శ్రుతి దిగుతుంది. ఆరిపోతే బిగుస్తుంది, శ్రుతి ఎక్కుతుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్లలో బయటి గాలి చెమ్మగా, ఏసీ హాలు పొడిగా ఉంటుంది. బయట శ్రుతి చేసి లోపలికి తెస్తే పావుగంటలో ఎక్కేస్తుంది. వేదిక దీపాల వేడి కూడా అంతే. కచేరీకి కనీసం అరగంట ముందు వాద్యాలను ఆ హాలులోనే, ఆ దీపాల కిందే ఉంచి, ఆ తర్వాతే చివరి శ్రుతి చేసుకోవాలి. నిర్వాహకులు హాలు తాళం కచేరీకి పది నిమిషాల ముందు తీస్తే, మొదటి కీర్తన అయ్యాక మళ్లీ రాయి చప్పుడు వినక తప్పదు.

ఘటం, కంజీర, మోర్సింగ్‌లకు శ్రుతి ఎలా?

ఘటానికి కాల్చినప్పుడు ఏ శ్రుతి వచ్చిందో అదే. లోపల కాస్త మెత్తటి బంకమట్టి అంటించి కొద్దిగా సర్దుకోవచ్చు, అంతకు మించి కుదరదు. అందుకే ఘట విద్వాంసుల ఇంట్లో శ్రుతికొక కుండ. తమిళనాడులోని మానామదురై ఘటాలకు పేరు. మందం, బరువు ఎక్కువ, వేలికి గట్టిగా తగులుతాయి, నాదం ఖంగుమంటుంది. చెన్నైలో చేసేవి తేలిక, వేగంగా వాయించడానికి సులువు.

కంజీరకు లోపలివైపు నీళ్లు చిలకరిస్తే శ్రుతి దిగుతుంది. ఎక్కువైతే మొద్దుబారుతుంది, ఆరబెట్టడానికి సమయం పడుతుంది. పూర్వం ఉడుము తోలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉడుము రక్షిత జంతువు. ఇప్పుడు మేక తోలు, కృత్రిమ మూతలు వచ్చాయి. పాత ఉడుము తోలు కంజీరను విమానంలో తీసుకెళ్లాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

మోర్సింగ్ నాలుకకు తేనెమైనం అంటిస్తే శ్రుతి తగ్గుతుంది. పెంచాలంటే ఆకురాయి పట్టాలి, పొరబాటైతే వెనక్కి రాదు. మైనం వేడికి కరుగుతుంది కాబట్టి డబ్బాలో పెట్టి కారు ముందు అద్దం దగ్గర వదిలేయకండి.

గాయకుడితో ముందే కూర్చుని సాధన చేయరా?

చాలా కచేరీల్లో చేయరు. సాయంత్రం వేదిక మీదే మొదటిసారి కలిసేవాళ్లూ ఉంటారు. ఇది నిర్లక్ష్యం కాదు, పద్ధతే అలాంటిది. వర్ణంతో మొదలై, చిన్న కీర్తనలు, ఒక పెద్ద కీర్తన, తని ఆవర్తనం (తాళవాద్యాలు విడిగా వాయించే భాగం), చివర చిన్న చిన్న రచనలు అనే వరసను గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) స్థిరపరిచారు. ఆ వరస అందరికీ తెలుసు. ఎవరు ఏ కీర్తన ఎత్తుకున్నా అది ఏ తాళం, ఎత్తుగడ (పాట అందుకునే చోటు) ఎక్కడ, చరణంలో నెరవల్ (ఒకే సాహిత్య వరసను రకరకాలుగా విస్తరించడం) ఎక్కడ వస్తుందో అనుభవజ్ఞులకు లోపల ఉంటుంది.

అయినా నాలుగు సంగతులు ముందే చెప్పడం గాయకుడి మర్యాద: అరుదైన రాగమేదైనా ఉందా, రాగం తానం పల్లవి (ఆలాపన, తానం అయ్యాక ఒకే వరసను విస్తరించి పాడే పెద్ద అంశం) ఉందా, ఉంటే ఏ తాళంలో ఎన్ని కళల్లో (తాళం ఎంత నిదానంగా), ఎత్తుగడ సమం (తాళం మొదటి దెబ్బ) నుంచి ఎంత దూరం. పల్లవి తాళం చెప్పకుండా వేదిక మీద పరీక్ష పెట్టే గాయకులు ఒకప్పుడు ఉండేవారు, ఇప్పుడూ అక్కడక్కడా ఉన్నారు. దానివల్ల శ్రోతలకు దక్కేదేమీ లేదు.

ఆలాపనలో వయొలిన్ ఏం చేస్తుంది? వెంటనే అదే వాయిస్తే అనుకరణ కాదా?

గాయకుడు పాడుతుండగా వయొలిన్ ఒక ఊపిరంత వెనక నడుస్తుంది. పాట ముందు, తీగ వెనక. ముందుకు దూకితే పాడేవాడి ఆలోచన చెడుతుంది, మరీ వెనకబడితే రెండు గొంతులు పోట్లాడుతున్నట్టుంటుంది. గాయకుడు ఆగిన స్వరం మీద వయొలిన్ నిలబడుతుంది. ఆయన ఊపిరి తీసుకునే ఆ రెండు క్షణాలు సభలో నాదం ఖాళీ పడకుండా పట్టేది అదే. ఆయన తార షడ్జం (పై స్థాయి 'స') మీద నిలిస్తే తానూ అక్కడే నిలవాలి. ఆ సమయంలో కింది సంచారం మొదలుపెట్టడం చాలామంది చేసే తప్పు.

ఆయన ముగించాక వయొలిన్ వంతు. గాయకుడు పది నిమిషాలు పాడితే ఐదారు నిమిషాలు సమంజసం. ఆయన చూపిన ప్రయోగాలను అప్పజెప్పనక్కర్లేదు, ఆయన వదిలిన చోట్లు చూపిస్తే చాలు. రాగం కొత్తదై, అంతగా పరిచయం లేకపోతే ఆయన పాడిన ముఖ్య ప్రయోగాలు మూడు నాలుగు శుభ్రంగా వాయించి రెండు నిమిషాల్లో తేల్చేయడమే తెలివి. దగ్గర దగ్గర స్వరాలు పక్కపక్కనే వచ్చే వివాది రాగాల్లో ఇది మరీ అవసరం.

స్వరకల్పనలో (అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడేటప్పుడు) లెక్క ఇంకా కచ్చితం. ఆయన అర ఆవర్తనం (తాళం చుట్టులో సగం) పాడితే జవాబూ అర ఆవర్తనమే. చివరి పెద్ద ముగింపు లెక్క ఆయన వేసినప్పుడు అదే లెక్కను తిరిగి వాయించాలి, లేదా దానికి సరితూగే మరోటి. అందుకే పాడుతున్నప్పుడు వయొలినిస్టు కళ్లు ఆయన చేతి మీద ఉంటాయి, నోటి మీద కాదు.

ఎడమచేతి వేళ్లకు ఒక చుక్క కొబ్బరినూనె రాస్తే జారుడు సాఫీగా వస్తుంది. ఆ నూనె వేలు కమాను వెంట్రుకలకు తగిలితే మాత్రం ఆ చోట తీగ పలకదు, ఎంత రాళం రుద్దినా పట్టదు.

కీర్తనకు మృదంగం ఎంత వాయించాలి?

పల్లవి మొదటి వరస వినాలి, నడక పట్టాలి, అప్పుడు అందుకోవాలి. పల్లవికి, అనుపల్లవికి మధ్య చిన్న ముగింపు. సంగతులు (ఒకే వరసను కొత్త కొత్తగా పాడే తీర్లు) ఒకటొకటిగా పెరుగుతుంటే వాయింపూ పెరగాలి. సాహిత్యంలో విరుపున్న చోట చేయి ఆగాలి. విళంబ కాలపు (నిదానంగా నడిచే) కీర్తనలో నాలుగు మాత్రల మధ్య ఖాళీ ఉందని అక్షరాలు కూరితే మాట వినబడదు. పాలక్కాడు మణి అయ్యర్ (1912–1981) వాయింపు వింటే, ఆయన వదిలిన చోట్లే కీర్తనను నిలబెట్టాయని తెలుస్తుంది. సంగీత కళానిధి బిరుదు మృదంగానికి మొదటిసారి వచ్చింది ఆయనకే, 1966లో.

ఘటం, కంజీర అన్ని కీర్తనలకూ వాయించాల్సిన పనిలేదు. చిన్న కీర్తనలకు కాసేపు మానితే, ప్రధాన కీర్తనలో ప్రవేశించినప్పుడు బలం తెలుస్తుంది. ఎప్పుడు వాయించాలో మార్దంగికుడి చూపు చెబుతుంది.

తని ఆవర్తనం ఎలా నడుస్తుంది? లెక్కలు ఎలా వేస్తారు?

ప్రధాన కీర్తనకో పల్లవికో స్వరాలు అయ్యాక, గాయకుడు తాళం మాత్రమే వేస్తూ వాద్యాలకు వదిలేస్తాడు. ముందు మృదంగం తన నడకలో కొంతసేపు, తర్వాత ఘటమో కంజీరో. మళ్లీ మృదంగం నడక మార్చి, తిశ్రమో (మూడేసి మాత్రలు) ఖండమో (ఐదేసి మాత్రలు) ఎత్తుకుంటే, రెండోవారు అదే నడకలో జవాబిస్తారు. ఆ తర్వాత తగ్గింపు వస్తుంది: నాలుగు ఆవర్తనాలు, రెండు, ఒకటి, అర అంటూ వంతులు చిన్నవవుతూ ఇద్దరూ కలిసే చోటికి చేరతారు. కలిసి మోహరా (ముగింపుకు దారితీసే అల్లిక), దాని వెనక కోర్వై (చివరి ముగింపు లెక్క) మూడుసార్లు, చివర అక్షరం పడిన చోట గాయకుడు పల్లవి ఎత్తుకుంటాడు. రెండున్నర గంటల కచేరీలో ఇద్దరికి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, ముగ్గురుంటే ఇరవై.

లెక్కకు ఒక చిన్న ఉదాహరణ. ఆది తాళం, ఒక కళ: 8 అక్షరాలు, అక్షరానికి 4 మాత్రలు, మొత్తం 32. 'తదిగిణతొం' అనే 5 మాత్రల మాట మూడుసార్లు, నడుమ రెండేసి మాత్రల విరామం: 5+2+5+2+5, మొత్తం 19. ఇది సమానికి పడాలంటే 32లోంచి 19 తీసేసి, 13 మాత్రలు గడిచాక మొదలుపెట్టాలి. అంటే మూడు అక్షరాలు పూర్తయి, నాలుగో దానిలో ఒక మాత్ర దాటాక.

ఇప్పుడు కీర్తన ఎత్తుగడ సమం నుంచి ఒకటిన్నర అక్షరం తర్వాత అనుకోండి. అంటే 6 మాత్రలు. అదే ముగింపును 6 మాత్రలు ఆలస్యంగా, 19 దాటాక మొదలుపెట్టడం ఒక దారి. మొదలుపెట్టిన చోటు మార్చకుండా విరామాలు రెండూ 5 మాత్రలకు పెంచడం ఇంకో దారి: 5+5+5+5+5, మొత్తం 25. 13కు 25 కలిపితే 38, అంటే 32 దాటి సరిగ్గా 6. రెండో దారి వినడానికి అందంగా ఉంటుంది. పిల్లలు మొదటిదే నేర్చుకుని ఆగిపోతారు.

తప్పు జరిగే చోటు ఎక్కువగా తగ్గింపులోనే. రెండోవారు ఎంత వాయించాలో మొదటివారు స్పష్టంగా ముగించకపోతే, ఒకరు నాలుగనుకుంటే ఇంకొకరు రెండనుకుంటారు. గాయకుడు కూడా తాళం సరిగ్గా వేయాలి. తని మధ్యలో నీళ్లు తాగుతూ, ముందు వరసలో తెలిసినవాళ్లకు తలూపుతూ వేలు ఎగరగొట్టిన గాయకుల వల్ల పాడైన కోర్వైలు చాలా ఉన్నాయి.

గాయకుడే తాళం తప్పితే?

ఆ తప్పును సభకు పట్టివ్వకూడదు. మృదంగం లెక్కలన్నీ వదిలి సాదా నడకలోకి వచ్చి, సమం మీద ఎడమ చేతి 'తోం' స్పష్టంగా వేయాలి, ఒకటి రెండు ఆవర్తనాలు. వయొలిన్ సాహిత్యం వరసను అక్షరం మీద అక్షరం పెట్టి వాయించాలి. గాయకుడు తనంతట తానే దారిలో పడతాడు. ఆయన తప్పిన చోటుకే వీళ్లూ మారిపోవడం రెండో మార్గం, ఎత్తుగడ దగ్గర పడి సమయం లేనప్పుడు. తల అడ్డంగా ఊపడం, చేయెత్తి తాళం చూపించడం ఎప్పుడూ వద్దు.

మధ్యలో వయొలిన్ తీగ తెగితే?

ఎక్కువగా తెగేది మొదటి తీగ, సన్నది. కీర్తన మధ్యలో అయితే రెండో తీగ మీద చేయి పైకి జరిపి ముగించి, ఆ తర్వాత మార్చుకోవాలి. కొత్త తీగ సాగుతూనే ఉంటుంది కాబట్టి ప్రతి రెండు నిమిషాలకూ శ్రుతి చూసుకోవాలి. ముందే ఒకసారి బిగించి సాగదీసి తీసి దాచిన తీగ పెట్టెలో ఉంటే ఈ బాధ సగం తగ్గుతుంది. ఆలస్యం అయ్యేలా ఉంటే గాయకుడు ఒక శ్లోకం ఎత్తుకుంటే సరి.

మైకుల విషయంలో నిర్వాహకులు ఏం చూసుకోవాలి?

గాయకుడికొకటి, వయొలిన్‌కొకటి, మృదంగానికి రెండు, ఘటానికొకటి. మృదంగం కుడి మూతకు జానెడు దూరంలో ఒకటి. ఎడమ మూత దగ్గరిది తగ్గించి పెట్టాలి, లేకపోతే ధమధమలు తప్ప ఇంకేమీ వినబడదు. శ్రుతిపెట్టె శబ్దం వేదిక మీది స్పీకర్లలో అందరికీ వినబడాలి. మార్దంగికుడి స్పీకర్‌లో గాయకుడు, వయొలిన్ చాలు. ఆయన వాద్యం ఆయనకు మళ్లీ వినిపించక్కర్లేదు.

కచేరీ మధ్యలో "వయొలిన్ పెంచండి" అని ఒకరు, "నా గొంతు పెంచండి" అని ఇంకొకరు సైగ చేయడం మొదలైతే పావుగంటలో మొత్తం కూతలే. సౌండ్ అతనికి ముందే చెప్పండి: ఎవరైనా పెంచమంటే, మిగతావాళ్లను కొంచెం తగ్గించు. మణి అయ్యర్ మైకు లేకుండానే కచేరీ చేయాలని పట్టుబట్టేవారు. చిన్న హాలు అయితే ఇప్పటికీ అది వినదగ్గ సలహానే.

ఆరాధన ఉత్సవాల్లో పది, ఇరవై నిమిషాల కచేరీలకు పక్కవాద్యం ఎలా ఏర్పాటు చేయాలి?

ప్రతి గాయకుడికీ వేరే జట్టు వద్దు. రెండు జట్లను పూటకొకటి చొప్పున ఉంచండి. గాయకుల వరసను శ్రుతి ప్రకారం పేర్చండి: ఒకటి, ఒకటిన్నర శ్రుతివాళ్లంతా ఒకచోట, ఐదు, ఐదున్నరవాళ్లంతా ఒకచోట. ఇది ఒక్కటి చేస్తే రోజుకు గంటకు పైగా ఆదా. ఒకటి శ్రుతి పెద్దాయన తర్వాత ఐదున్నర శ్రుతి అమ్మాయి, మళ్లీ ఒకటి శ్రుతి అంటే ప్రతిసారీ మృదంగం మార్చాలి, వయొలిన్ మార్చాలి.

పంచరత్న గోష్ఠిలో నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగ కీర్తనలు ఐదూ ఆది తాళమే. అయినా పది మృదంగాలుంటే నడక జారుతుంది. ఒకరే ముందుండి నడిపించాలి, మిగతావాళ్లు సాదాగా వాయించాలి. ముగింపులు ఆ ఒక్కరివే.

ఆడవాళ్లు మృదంగం, ఘటం వాయించడం అరుదెందుకు?

ఒకప్పుడు పేరున్న మార్దంగికులు కొందరు ఆడవాళ్ల పాటకే వాయించేవారు కారు, ఇక వాయించే ఆడవాళ్లకు అవకాశాల సంగతి చెప్పక్కర్లేదు. అయినా దండమూడి సుమతి రామమోహనరావు విజయవాడ నుంచి మృదంగ విదుషిగా దేశమంతా పేరు తెచ్చుకున్నారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. అదే ఏడాది పద్మశ్రీ అందుకున్న అన్నవరపు రామస్వామి కూడా విజయవాడ వయొలిన్ విద్వాంసుడే. ఘటంలో సుకన్యా రాంగోపాల్ ఉన్నారు. ఉత్సవ సంఘాలు ఇప్పటికీ "అమ్మాయి పాడితే అమ్మాయి మృదంగం" అని జత కలుపుతుంటాయి. ఆ లెక్క ఎందుకో మాకు అర్థం కాదు.

పక్కవాద్యం వాయించాలనుకునే విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలి?

వంద కీర్తనలు పాడటం నేర్చుకోండి. మృదంగమైనా సరే, పాడటమే. సాహిత్యం తెలియని చేతికి ఎక్కడ ఆగాలో తెలియదు. తర్వాత తోటి విద్యార్థుల పాటకు వాయించండి, తాళం సరిగ్గా లేనివాళ్లకు ఎక్కువగా వాయించండి. ఆకాశవాణి వాళ్ల ముందు వాయించే పరీక్షకు వెళ్లండి: బి, బి హై, ఎ, ఎ టాప్ అని శ్రేణులుంటాయి, సభలవాళ్లు మొదట అడిగేది అదే. కచేరీకి వెళ్లినప్పుడు తని అవగానే లేచి రాకండి, తర్వాత వచ్చే పదాలు, జావళీలు లాంటి చిన్న రచనలకు పెద్దలు ఎంత తక్కువ వాయిస్తారో అక్కడే తెలుస్తుంది.

పారితోషికం, కరపత్రం?

ఎవరికెంతో గాయకుడి ద్వారా కాకుండా నేరుగా మాట్లాడండి, సందేశంలో రాసిపెట్టండి. ప్రయాణం, బస వేరుగా చెప్పండి. వాద్యానికి రైల్లో అదనపు చోటు కావాలి. కవరు అందరికీ ఒకేసారి, కచేరీ అయిన వెంటనే ఇవ్వండి. పేర్లు అచ్చులో తప్పు పోకుండా వాళ్లకే పంపి సరిచూడమనండి.

విదేశాల్లో ఉత్సవాలకు వాద్యాలు ఎలా తీసుకెళ్లాలి?

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఏటా వసంతకాలంలో ఆరాధన జరుగుతోంది, మన తెలుగు పిల్లలు పోటీలకు వెళుతుంటారు. వయొలిన్ చేతిసామానులో, తీగలు ఒక మెట్టు వదులు చేసి. ఘటాన్ని సామాను గదిలోకి ఎప్పుడూ ఇవ్వకండి, బట్టలు లోపల కూరి, బయట దుప్పటి చుట్టి చేతిలోనే. మృదంగం గట్టి పెట్టెలో, వార్లు కొద్దిగా వదిలి, రవ్వ పూర్తిగా తుడిచి. ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో తోలు వస్తువులను పత్రంలో చూపాలి. తోలు మీద ఎండిన రవ్వ పొడి కనబడితే అదొక గొడవ. దిగాక ఒక రోజు ఆ ఊరి గాలికి వదిలేసి, మర్నాడు శ్రుతి చేసుకోండి. చలి దేశాల్లో వేడిచేసిన గదుల గాలి చాలా పొడిగా ఉంటుంది కాబట్టి అదనంగా ఒక కుడి మూత వెంట ఉంచుకోండి.